నలభయ్యో నంబరు నాచూ, నా కునుకూ

నాకు కోపం ఎక్కువని మా ల్యాబులో చిన్నా పెద్దా అందరూ అంటారు. అననీండి. ఇరవై రెండేళ్ళుగా గాజు సీసాలు కడిగి, ఆరబెట్టి, వాటిలో నాచు పెంచి, ఇంతవరకూ ఒక్క సీసా కూడా పగలగొట్టని మనిషికి ఆమాత్రం కోపం ఉండకూడదా? పైగా నేను ఊరికే కోప్పడను. ఎవరో కొత్తగా వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా నా అలమారా ముందు నిలబడి, "ఈ పాచి ఏంటండీ?" అంటే ఒళ్ళు మండదూ? పాచి అంటే మీ బాత్రూము గోడకి పట్టేది. నేను పెంచేది నీలాకుపచ్చ నాచు. వెలుతురు తాగి బతికే ప్రాణి. వందల కోట్ల ఏళ్ళ కిందట మనం పీల్చే ప్రాణవాయువుని ఈ భూమ్మీద నింపడం మొదలుపెట్టింది వీటి ముత్తాతలేనని మా ప్రొఫెసరు గారు ఏటా కొత్త విద్యార్థులకి చెబుతారు. ఆ మాట విన్నప్పుడల్లా ఎవరో మా పుట్టింటివాళ్ళని పొగిడినట్టు నాకు ఛాతీ ఉబ్బుతుంది.

అందుకే నన్ను అందరూ నాచక్క అంటారు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉంది గానీ, దాంతో పిలిస్తే నేనే పలకను.

ప్రొఫెసరు గారికీ ఒక పేరుంది, ఆ సంగతి ఆయనకి తెలియదు. ఎవరు ఏ ఫలితం తీసుకెళ్ళి చూపించినా, చూసి, కళ్ళజోడు తుడుచుకుని, "బావుంది. మళ్ళీ చెయ్యండి" అంటారు. బావోలేకపోయినా అదే మాట. కాబట్టి ఆయన మళ్ళీ సారు. ఇక చుక్కలమ్మాయి. పరిశోధన చేసి డాక్టరు పట్టా తెచ్చుకుందామని రెండున్నరేళ్ళ కిందట మా దగ్గర చేరింది. సన్నటి గాజు గొట్టంతో చుక్క చుక్కా లెక్కపెట్టి వేస్తుంది. పక్కన పిడుగు పడినా లెక్క తప్పదు. అందుకని ఆ పేరు నేనే పెట్టాను.

చేరిన రోజు ఆ పిల్లకి నేను నేర్పిన మొదటి పాఠం సీసా పట్టుకోవడం కాదు, పుస్తకం రాయడం.

"చూడమ్మాయ్, ల్యాబు పుస్తకంలో రాసింది ఏదీ చెరపకూడదు. తెల్లరంగు పూయకూడదు, కాగితం చింపకూడదు. తప్పు రాశావా, దాని మీద ఒకే ఒక్క గీత కొట్టు. కింద ఏం రాశావో కనపడాలి. పక్కన సంతకం పెట్టు."

"ఎందుకక్కా అంత పట్టింపు?"

"ఏ తప్పు ఎప్పుడు ఎందుకు పనికొస్తుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. అందుకు."

ఎంత గొప్పగా చెప్పానో చూశారా! నోరు నాదే కాబట్టి ఎన్ని నీతులైనా చెబుతుంది. ఆ నీతులు చెప్పిన మనిషి ఏం వెలగబెట్టేదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

చుక్కలమ్మాయి పనంతా నలభయ్యో నంబరు మీద. అప్పట్లో మేమున్న పాత భవనం వెనకాల కారే నీటిగొట్టం కింద గోడకి పట్టిన నాచుని ఆ పిల్లే గీకి తెచ్చి, మిగతావాటి నుంచి విడదీసి, శుభ్రం చేసి, అలమారాలో నలభయ్యో సీసాగా పెట్టింది. చూడ్డానికి ఏమీ ఉండదు. నీళ్ళలో ఆకుపచ్చ దారప్పోగులు తేలుతున్నట్టు ఉంటుంది. కానీ వారం రోజులు దాన్ని పెంచి, వడగట్టి, ఆ నీళ్ళని దోసగింజల మీద చుక్కలుగా వేస్తే, ఆ గింజల వేళ్ళు మామూలు నీళ్ళు పోసిన గింజల వేళ్ళకంటే రెండింతలు పొడుగు పెరిగేవి. అంటే నాచు ఏదో మంచి పదార్థాన్ని నీళ్ళలోకి వదులుతోందన్నమాట. అదేమిటో, ఎప్పుడు వదులుతుందో తేల్చడమే ఆ పిల్ల పని. రెండేళ్ళలో నలభై ఆరుసార్లు చేసింది. నలభై రెండుసార్లు వేళ్ళు పెరిగాయి, నాలుగుసార్లు పెరగలేదు. ఒకరోజు మళ్ళీ సారంతటివారు ఆ కొలతలు చూసి "బావుంది" అని, రెండోమాట అనకుండా అక్కడే ఆగిపోయారు. ఆ రోజు ల్యాబులో ఒకటే సందడి.

ఇప్పుడు నా సంగతి. పాత భవనంలో నాచు పెంచే గది ఒక మూలకి ఉండేది. ఏ కాలంలోనైనా ఒకటే చల్లదనం. అలమారాల నిండా తెల్లటి ట్యూబులైట్లు, అవి ఇరవై నాలుగు గంటలూ వెలగాలని చుక్కలమ్మాయి పద్ధతి. గోడకి ఒక పుస్తకం వేలాడేది. తేదీ, గది వేడి ఎంత, వెలుతురు ఎన్ని గంటలు, సంతకం. ఆ అలమారాల వెనకాల ఒక పొడుగాటి బల్ల ఉండేది. నేను తెల్లారకముందే లేచే మనిషిని. మధ్యాహ్నం భోజనమయ్యాక నా కళ్ళు వాటంతటవే మూతలు పడిపోతాయి. ఆ బల్లా, ఆ చల్లదనం, ఆ ప్రశాంతతా! ఒక్క ఆ లైట్లే కంట్లో పొడిచేవి. అందుకని ఒంటిగంటా పదిహేనుకి తలుపు గడియపెట్టి, మీట నొక్కి లైట్లన్నీ ఆర్పేసి, రెండింటిదాకా ఒక కునుకు తీసేదాన్ని. రెండు కాగానే లైట్లు వేసి, జుట్టు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు బయటికి వచ్చేదాన్ని. తలుపు మీద ఒక కాగితం నేనే రాసి అంటించాను: "లోపల సున్నితమైన పని జరుగుతున్నది. తలుపు తట్టరాదు." తొమ్మిదేళ్ళపాటు అందరూ దాన్ని గౌరవించారు.

గోడపుస్తకంలో మాత్రం ప్రతిరోజూ "వెలుతురు: 24 గంటలు" అని రాసి సంతకం పెట్టేదాన్ని. నిజం చెప్పాలంటే ప్రతిరోజూ కూడా కాదు. సోమవారం పొద్దున్నే వారానికి సరిపడా ఆరు వరసలూ ఒకేసారి రాసిపారేసేదాన్ని. నేను సెలవులో ఉంటే చుక్కలమ్మాయి రాసేది. ముప్పావుగంట ఆర్పితే నాచు చస్తుందా? చావలేదు. నాతోపాటు హాయిగా ఉండేది. తప్పు చేస్తున్నానని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఈ ఏడాది మమ్మల్ని కొత్త భవనంలోకి మార్చారు. అబ్బో, ఏం భవనం! ఎటు చూసినా అద్దాలే. నాచు గదికీ అద్దాల గోడే, పైన కెమెరా. లైట్లకి మీటలే లేవు, అంతా యంత్రం చూసుకుంటుందట. బల్ల ఊసే లేదు. మొదటిరోజు ఒంటిగంటా పదిహేనుకి ఆ అద్దాల గది మధ్య నిలబడి నోరంతా తెరిచి ఆవులించాను. బయట వరండాలో పోతున్న ఇద్దరు నాకు చెయ్యి ఊపారు.

ఆ రోజు నుంచి నా కోపం రెండింతలైంది. దోసగింజల వేళ్ళు మాత్రం మామూలుకి దిగిపోయాయి.

ఒక వారం, రెండు వారాలు, పదకొండు వారాలు. ప్రతి వారం పిల్ల గింజలు తెరిచి, కొలబద్ద పెట్టి కొలిచేది. మామూలు నీళ్ళకీ మా నాచు నీళ్ళకీ వెంట్రుకవాసి తేడా లేదు. నీళ్ళు మార్చి చూశారు, ఉప్పులు మార్చి చూశారు, గింజలు మార్చి చూశారు. మళ్ళీ సారు ప్రతిసారీ "మళ్ళీ" అన్నారు. చివరికి ఒకరోజు ఆయన మెల్లగా నా వైపు తిరిగి, "ఏమ్మా, సీసాలు కడగడంలో ఏమైనా తేడా వచ్చిందా?" అన్నారు.

"నా కడగడంలోనా సార్? ఆ సీసాలో మంచినీళ్ళు పోసుకుని తాగండి. ఏమైనా తేడా ఉంటే అప్పుడు నన్నడగండి!"

"తాగక్కర్లేదమ్మా. ఊరికే అడిగాను" అని ఆయన వెనక్కి తగ్గారు. నేను ఆ రోజు సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

అలాంటి సమయంలో పిల్ల పనిని చూడటానికి కమిటీ కూర్చుంది. ముగ్గురు. మళ్ళీ సారు, పక్క విభాగం మేడమ్, ఇంకో సంస్థ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. ఆయన్ని మేం బయటాయన అనుకునేవాళ్ళం. టీ ఇవ్వడానికి లోపలికి వెళ్ళాను కాబట్టి ఆయన అన్న మాట నా చెవులారా విన్నాను. పిల్ల పుస్తకం మూసి, చాలా మర్యాదగా అన్నాడు.

"పాత భవనంలో నలభై రెండుసార్లు వచ్చింది. కొత్త భవనంలో ఒక్కసారీ రాలేదు. అలాంటప్పుడు, అసలు మొదట్లోనైనా వచ్చిందా అని అడగాల్సి వస్తుందండీ."

"వచ్చే సోమవారం మళ్ళీ కూర్చుందాం" అన్నారు మళ్ళీ సారు. గొంతులో జీవం లేదు.

"కూర్చుందాం. అప్పటికీ కారణం చెప్పలేకపోతే ఈ పరిశోధన రద్దు చెయ్యమనే నేను రాస్తాను."

నేను టీ కప్పులు తీసుకుని బయటికి వచ్చేసరికి పిల్ల సీసాలు కడిగే చోట నిలబడి ఉంది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తోంది.

"అక్కా, నేను అబద్ధం రాశానంటున్నారు."

"వాడి మొహం! వాడన్నంత మాత్రాన అయిపోతుందా?"

"అబద్ధమే రాయాలనుకుంటే ఆ నాలుగూ ఎందుకు రాస్తానక్కా? నలభై ఆరూ వచ్చాయని రాసుకునేదాన్ని కదా. ఆ నాలుగూ వదిలెయ్, లెక్క అందంగా ఉంటుందని అందరూ చెప్పారు. నేనే వినలేదు. రాసింది చెరపకూడదని నువ్వు చెప్పావు కదా అని."

ఆ పిల్ల నా మాట అంత నమ్మిందని అప్పటిదాకా నాకు తెలియదు. కుళాయి కట్టేసి, "నీళ్ళు వృథా చెయ్యకు" అని కసిరాను.

ఆదివారం వచ్చింది. మా ఆయన సిటీ బస్సు నడుపుతారు, ఆదివారం మాత్రం ఇంటిపట్టున ఉంటారు. భోజనమయ్యాక నేను కిటికీ తెర లాగేసి మంచమెక్కాను. కొత్త భవనానికి మారాక నాకు మిగిలిన కునుకు అదొక్కటే. రెండింటికి ఆయన వచ్చి తెర సర్రున పక్కకి లాగారు. వెలుతురు మొహాన కొట్టింది. లేచాను. పావుగంటలో గిన్నెలు తోమి, బట్టలు మడిచి, చీపురు పట్టుకుని సగం ఇల్లు ఊడ్చేశాను. కూనిరాగం కూడా తీస్తున్నానట.

"ఇదీ వరస" అన్నారాయన. "వారమంతా చిటపటలాడతావు. ముప్పావుగంట చీకట్లో పడుకుని లేచావంటే చాలు, ఎక్కడలేని పనీ బయటికొస్తుంది. పొద్దస్తమానం నిన్ను వెలుతుర్లో కట్టిపడేస్తే మాత్రం నీవల్ల ఏమీ కాదు."

నా చేతిలో చీపురు ఆగిపోయింది. "ఏమన్నారు?"

"తిట్టలేదే తల్లీ!"

"అబ్బా, తిట్టారని కాదండీ. ఆ మాట మళ్ళీ చెప్పండి!"

చెప్పారు. పాత భవనంలో ఆ సీసాలన్నీ రోజూ నాతోపాటే చీకట్లో ఉన్నాయి. రోజూ నాతోపాటే ఒక్కసారిగా వెలుతుర్లోకి వచ్చాయి. కొత్త భవనంలో వాటికి చీకటన్నదే లేదు. ఇంత చిన్న విషయం నా బుర్రకి పదకొండు వారాలు తట్టలేదు. తట్టకుండా నేనే పుస్తకంలో "24 గంటలు" అని రాసి, దాన్ని నేనే నమ్మేశాను.

మంచం మీద కూలబడి ఆయనకి అంతా చెప్పాను. తొమ్మిదేళ్ళ గుట్టు, కట్టుకున్న మొగుడికి కూడా అప్పటిదాకా చెప్పలేదు. ఆయన ముందు పడీ పడీ నవ్వారు. "సున్నితమైన పని! తలుపు తట్టరాదు! నీ దుంపతెగ!" అని కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత నా మొహం చూసి ఆపేశారు.

"చెబితే ఏమవుతుంది?"

"దొంగ రాతలు రాసినందుకు ఉద్యోగం పోవచ్చు. పోకపోయినా, నాచక్క అని గౌరవంగా పిలిచే నోళ్ళు రేపటి నుంచి ఏమని పిలుస్తాయో! ఎవరూ చూడకుండా సీసాల మీద నల్లగుడ్డ కప్పేద్దామా అంటే, ఫలితం రావడానికి వారం పడుతుంది. కమిటీ రేపే."

"మరి చెప్పకపోతే?"

"ఆ పిల్ల పని అయిపోతుంది. దొంగ అన్న పేరు దానికి పడుతుంది."

"ఇంకేం, నీకే తెలిసిందిగా" అని ఆయన నా చేతిలో చీపురు అందుకుని, మిగతా సగం ఇల్లు ఊడ్చారు.

సోమవారం పదకొండింటికి కమిటీ గదిలోకి వెళ్ళాను. టీ పళ్ళెంతో కాదు, పాత గోడపుస్తకాలు రెండు చంకన పెట్టుకుని. పిల్ల చివరి కుర్చీలో తన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"టీ తర్వాత తెద్దురు గానీ" అన్నాడు బయటాయన.

"టీ కాదండీ. కారణం తెచ్చాను."

నిలబడే చెప్పేశాను. కూర్చుంటే ధైర్యం జారిపోతుందేమోనని భయం. "సార్, పాత భవనంలో ఇరవై నాలుగు గంటల వెలుతురని నేను రాసింది అబద్ధం. రోజూ మధ్యాహ్నం ముప్పావుగంట లైట్లన్నీ ఆర్పేదాన్ని. ఎందుకంటే, నేను అలమారాల వెనక పడుకునేదాన్ని. నలభయ్యో నంబరుకి ఆ చీకటే కావాలేమో చూడండి. ఈ పిల్ల తప్పేమీ లేదు."

మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ సారు కళ్ళజోడు తీశారు గానీ తుడవడం మర్చిపోయారు. "సున్నితమైన పని జరుగుతున్నది" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"సున్నితమే సార్. చిన్న చప్పుడైనా నాకు మెలకువ వచ్చేస్తుంది."

బయటాయన నవ్వలేదు. "అమ్మా, ఈ అమ్మాయంటే మీకు అభిమానం. కనపడుతూనే ఉంది. ఈమెని కాపాడటానికి మీరు ఈ కథ అల్లలేదని నమ్మకం ఏమిటి?"

నాకు ఎక్కడో కాలింది. "కథా? తొమ్మిదేళ్ళు పనివేళల్లో నిద్రపోయానని నా నోటితో నేను చెప్పుకుంటుంటే అదీ నమ్మరా? లేని పరువు తెచ్చుకోడానికి అబద్ధాలాడేవాళ్ళుంటారు గానీ, ఉన్న పరువు తీసుకోడానికి ఎవరైనా ఆడతారా?"

అప్పుడు పిల్ల లేచి నిలబడింది. "అక్కా, నువ్వు సెలవు పెట్టిన రోజుల్లో లైట్లు ఎవరు ఆర్పేవాళ్ళు?"

"ఎవరార్పుతారు? నేనుంటేనే కదా ఆర్పడం!"

పిల్ల గబగబా పుస్తకం తిప్పుతోంది. మళ్ళీ సారు అప్పటికే ఫోను తీసి ఆఫీసుకి చెప్పారు, సెలవుల పుస్తకం పట్టుకుని గుమస్తాని రమ్మని. ఆ పుస్తకం గుమస్తా తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాడు, ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. అందులో నా చెయ్యి పడే వీలే లేదు. బయటాయన పిల్ల పుస్తకం తీసుకుని, వేళ్ళు పెరగని నాలుగు ప్రయోగాల తేదీలు తనే చదివాడు.

"పదమూడో ప్రయోగం. ఆ వారం?"

గుమస్తా వేలు పెట్టి వెతికాడు. "వారమంతా సెలవు. కారణం, కూతురి పురుడు."

"ఇరవై ఒకటో ప్రయోగం."

"వారమంతా సెలవు. కాలు బెణికింది."

"ముప్పై నాలుగు."

"సెలవే. కారణం..." గుమస్తా కళ్ళు చికిలించి చూశాడు. "సముద్రం చూడటానికి."

"పెళ్ళైన పాతికేళ్ళకి మా ఆయన తీసుకెళ్ళారండీ" అన్నాను మేడమ్‌తో. "ఉన్నదే రాశాను."

పిల్ల మొహం వెలిగిపోతోంది. మళ్ళీ సారు కుర్చీ అంచుకి జరిగారు. బయటాయన నాలుగో తేదీ చదివాడు. ముప్పై తొమ్మిదో ప్రయోగం.

గుమస్తా పేజీ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "సెలవు లేదండీ. ఆ వారం ఆరురోజులూ వచ్చారు."

బయటాయన పుస్తకం కింద పెట్టాడు. "మూడు కలిశాయి, నాలుగోది కలవలేదు. ఆ వారం మీరున్నారు. మీరన్నట్టు లైట్లు ఆర్పి ఉంటే వేళ్ళు పెరగాలి. పెరగలేదు."

ఎంత తవ్వుకున్నా ఏమీ గుర్తురాలేదు. ఆరు రోజులూ పనికి వచ్చి ఒక్క పూట కూడా పడుకోలేదంటే, అది నేనేనా?

పిల్ల తన పుస్తకం ముందుకి లాక్కుని ఆ పేజీ చూసింది. "అక్కా" అంది చిన్నగా. "ఇది మా అమ్మకి ఆపరేషన్ అయిన వారం."

అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళమ్మ వేరే ఊళ్ళో ఆసుపత్రిలో ఉంది. దగ్గర పెదనాన్న ఉన్నాడు, ప్రయోగం మధ్యలో వదిలి రావద్దని ఆవిడే పిల్లని కట్టడి చేసింది. సోమవారం మధ్యాహ్నం నేను గడియపెట్టి మీట మీద చెయ్యి వేశానో లేదో, తలుపు మీద టకటకమని చప్పుడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. ఎవడ్రా అని చిర్రెత్తి తీస్తే ఎదురుగా ఈ పిల్ల, కళ్ళు ఎర్రగా. "అక్కా, కాసేపు ఇక్కడ కూర్చోనా?" అంది. ఆ బల్ల మీదే కూర్చోబెట్టాను. ఫోను ఒళ్ళో పెట్టుకుని దానివంకే చూస్తూ ఉండేది. ఆరు రోజులూ అంతే. పళ్ళు కోసి బలవంతంగా తినిపించాను. మా అత్తగారి సంగతులు చెప్పి నవ్వించాను. అంత దిగులుగా ఉన్న పిల్లని చీకట్లో ఎలా కూర్చోబెడతాను? లైట్లు ఆర్పనేలేదు. శనివారం మధ్యాహ్నం వాళ్ళమ్మ ఫోనులో "తిన్నావా?" అని అడిగింది. ఇద్దరం కలిసి ఏడ్చాం.

ఇదంతా చెప్పాను. బయటాయన తల అడ్డంగా ఊపబోయాడు. పిల్ల ఆ పేజీ ఆయన ముందుకి తోసింది. పేజీ పక్కన అంచులో రెండు వాక్యాలు, వాటి మీద ఒకే ఒక్క గీత, పక్కన సంతకం, ఆ వారం తేదీ. ఆయన గీత కింది అక్షరాలు పైకే చదివాడు.

"అమ్మ ఇంకా మాట్లాడలేదు. మధ్యాహ్నాలు నాచు గదిలో అక్క దగ్గరే కూర్చుంటున్నాను, లైట్ల కింద కాస్త వెచ్చగా ఉంది."

"సొంత విషయం ల్యాబు పుస్తకంలో ఎందుకని తర్వాత కొట్టేశాను" అంది పిల్ల. "చెరపలేదు. చెరపకూడదని అక్క చెప్పింది."

బయటాయన ఇంకోసారి, ఈసారి లోపల్లోపల చదువుకున్నాడు. కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మాయ్, పోయిన వారం నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాని ఆ నాలుగూ నువ్వు రాసి ఉండకపోతే, ఈవిడ నిద్ర సంగతి ఇవాళ ఎవరం నమ్మేవాళ్ళం కాదు" అన్నాడు. వాడి మొహం అన్నాను కదా, ఆ మాట నేనూ వెనక్కి తీసుకున్నాను.

నాకు ఏడుపు ఆగలేదు. "నీ ముప్పై తొమ్మిదో ప్రయోగం పాడుచేసింది నేనేనే అమ్మాయ్, నీ పక్కన కూర్చుని!"

"ఇంకో నాలుగు పాడుచేసినా ఫర్వాలేదక్కా" అని నా మెడ చుట్టూ చేతులు వేసింది. అందరి ముందూ ఏమిటిదని కసిరాను గానీ, వదిలించుకోలేదు.

నేను కళ్ళు తుడుచుకుని, ఏది వస్తే అది రానీ అని, మళ్ళీ సారు ముందు నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

"బావుంది" అన్నారు. "మళ్ళీ చెయ్యండి."

"ఏది సార్?"

"నిద్ర."

ఆయన మనిషి తీరే అంత. మూడు చిన్న గదులు సిద్ధం చేయించారు. ఒకదాంట్లో ఎప్పుడూ వెలుతురే. ఒకదాంట్లో మధ్యాహ్నం ముప్పావుగంట చీకటి, మనిషి ఉండకూడదు. మూడోదాంట్లో చీకటీ, నేనూ. "మీ ఊపిరి వల్ల కూడా అయ్యుండొచ్చమ్మా, ఏదీ వదలకూడదు" అన్నారు. నాకోసం పాత బల్ల మోయించి తెచ్చారు. అద్దాలకి నల్ల కాగితం అంటించారు. తొమ్మిదేళ్ళు దొంగతనంగా పడుకుంటే చాలు పట్టిన నిద్ర, ఇప్పుడు పై అధికారి చెప్పి పడుకోమంటే ఒక్క చుక్క రాదే! పైగా తలుపు అవతల నుంచి ఆయనే, "నిద్ర పట్టిందా అమ్మా?" అని అడిగేవారు. "ఇప్పుడిప్పుడే పట్టింది సార్, మీరే లేపారు!" అని అరిచేదాన్ని. ఆ అరుపు కూడా పిల్ల టైముతో సహా పుస్తకంలో రాసుకుంది.

గింజలు తెరిచిన రోజు పిల్ల కొలబద్ద పెట్టి, చెయ్యి ఊపి నన్ను పిలిచింది. చీకటి గదులు రెండింటి గింజలకీ వేళ్ళు రెండింతలు. చీకటి తర్వాత ఒక్కసారిగా వెలుతురు పడ్డప్పుడే నాచు ఆ పదార్థాన్ని నీళ్ళలోకి వదులుతోందట. అంటే దానికి చీకటి కావాలి, నేనక్కర్లేదు. రెండు రోజులు నాకు మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళు తోడు పడుకుంటే ఇదా విశ్వాసం!

"నువ్వు ఆర్పకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు కదక్కా" అని పిల్ల బుజ్జగించాక కోపం తగ్గింది.

దొంగ రాతలకి నాకు శిక్ష పడింది. ఉద్యోగం పోలేదు. చీవాట్ల కాగితం ఒకటి ఇచ్చారు. దాంతోపాటు, పిల్ల పని చేసిన రెండేళ్ళ గోడపుస్తకాలూ తెరిచి, నేను రాసిన ప్రతి "24 గంటలు" మీద ఒక్కో గీత కొట్టి, పక్కన నిజం రాసి, సంతకం పెట్టమన్నారు. ఆరువందలకి కాస్త తక్కువ వరసలు. రోజూ పని అయ్యాక ఒక అరగంట కూర్చుంటున్నాను. గీత, "ముప్పావుగంట చీకటి, నేను నిద్రపోయాను", సంతకం. గీత, నిద్రపోయాను, సంతకం. సిగ్గుతో మొదటిరోజు చెవులు వేడెక్కాయి. మూడోరోజుకి నాకే నవ్వొచ్చింది.

నిన్న ముప్పై తొమ్మిదో ప్రయోగం వారానికి వచ్చాను. ఆరు వరసలు, ఒకే సిరాతో, ఒకే ఊపులో రాసినవి. వెలుతురు: 24 గంటలు. కింద నా సంతకం. సోమవారం పొద్దున రాసినప్పుడు అవీ అబద్ధాలే. ఆ మధ్యాహ్నం పిల్ల వచ్చి తలుపు తట్టబట్టి నిజాలయ్యాయి. నా సంతకం ఉన్న అన్ని వరసల్లోకీ నిజమైనవి ఆ ఆరే. వాటి మీద గీత కొట్టలేదు. పేజీ తిప్పి, తర్వాతి సోమవారం దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను.